నీళ్ల ఒడ్డున పెద్దమనుషుల పొద్దు

"నీళ్లు ఎంతకొచ్చినయే?"

కొల్లాపూర్ దిక్కు కృష్ణ ఒడ్డు ఊళ్లల్లో పొద్దుగాల వినపడే మొదటి మాట ఇదే. చాయ్ తాగినవా, రాత్రి నిద్ర పట్టిందా అనేవి దాని తర్వాతనే. సోమశిల, అమరగిరి, మంచాలకట్ట, జటప్రోలు లాంటి ఊళ్లల్లో, శ్రీశైలం డ్యాం వెనక నీళ్లు నిలిచే అంచున, కొలువు దిగిపోయిన బడి సార్లు, మేస్త్రీ పని మానుకున్న ముసలోళ్లు, కొడుకుల చేతికి తెడ్డు అప్పజెప్పిన తాతలు ఒక పాతికేళ్ల కింద రోజు ఎట్లా గడిపేవాళ్లో రాసిపెట్టాలని ఈ ముచ్చట. ఆ రోజుల్లో సగం పోయినయి. పోయినవాటిలో పనికొచ్చే సంగతులు చాలా ఉన్నయి.

ఆ ప్రశ్నకు జవాబు ఒక అంకె. వానాకాలం నిండితే 885 అడుగులు. అది శ్రీశైలం జలాశయం నిండు మట్టం. డ్యాం పని 1960లో మొదలై 1981 నాటికి నీళ్లు నిలిచినయి. పాత ఊళ్లు, గుళ్లు, బావులు, చింతతోపులు కిందికి పోయినయి. జటప్రోలు మదనగోపాలస్వామి గుడిని, కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి ఊడదీసి మిట్టకు తెచ్చి మళ్లీ కట్టిండ్రు. ఇండ్లను మాత్రం ఎవరూ అట్లా తేలేదు. దర్వాజలు, దూలాలు, రోకలి, రోలు ఎవరికి వాళ్లు బండ్లమీద వేసుకొని పైకి వచ్చిండ్రు. అందుకే కొత్త ఊరి ఇండ్లకు ఇప్పటికీ అక్కడక్కడ పాత దర్వాజలే కనిపిస్తయి, గోడ కంటే దర్వాజ వయసు ఎక్కువ.

తెల్లారక ముందే, వేపపుల్ల నోట్లో, చెంబు ఒక చేతిలో, కర్ర ఒక చేతిలో పట్టుకొని పెద్దమనుషులు రేవుకు దిగేవాళ్లు. ఊరికే షికారు కాదది. రేవు మెట్లలో ఎన్ని పొడిగా ఉన్నయో లెక్కబెట్టేవాళ్లు. నిన్న తొమ్మిది, ఇవ్వాళ ఏడు అంటే నీళ్లు ఎక్కుతున్నట్టు. మెట్లు లేని చోట నీటి అంచున వెదురు పుల్ల గుచ్చి, దానికి గాట్లు పెట్టి పొయ్యేవాళ్లు. పుల్ల గుచ్చడంలోనూ ఒక ఒడుపు ఉంది. అల తగిలే చోట గుచ్చితే అల ఎగిసినప్పుడు ఒక లెక్క, దిగినప్పుడు ఒక లెక్క వస్తది. చిన్న మూలమలుపులో, రాళ్ల చాటున, నీళ్లు కదలని చోట గుచ్చాలి. గాలి లేని తెల్లవారుజామునే చూడాలి. ఒడ్డు ఏటవాలుగా ఉన్న చోట నీళ్లు ఒక జానెడు లేస్తే అంచు పదడుగులు ముందుకొస్తది, కాబట్టి అంచు చూసి భయపడొద్దు, పుల్ల చూడాలె అనేవాళ్లు.

మట్టం లెక్క దేనికంటే, ఊరు మొత్తం దాని మీద నడుస్తది. పైన జూరాల డ్యాం గేట్లు ఎత్తిండ్రని రేడియోలో విన్ననాడు ఒడ్డు మీద ఆరేసిన వలలు, బోర్లించిన పుట్టిలు (గుండ్రటి బుట్టపడవలు), మోటార్లు, పైపులు మాపటికల్లా పైకి రావాలి. 2009 అక్టోబరు మొదట్ల వచ్చిన వరద తెలిసిందే. డ్యాం దగ్గర నీళ్లు 885 దాటి 896 దాకా ఎక్కినయి. నిండు మట్టానికి పైన కూడా నీళ్లు ఎక్కుతయని ఆ ఒడ్డు ఊళ్లకు ఆ వారంలో తెలిసింది. ఆ తర్వాత నుంచి, గడ్డివాములు పెట్టే జాగ ఒక మనిషెత్తు మిట్టకు జరిగింది.

రేడియో ముచ్చట చెప్పాలె. తోలు కవరు తొడిగిన పెట్టె, భుజానికి పట్టీ. హైదరాబాద్ ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్ మీద మీడియం వేవ్‌లో వచ్చేది. పెట్టెను ఒక దిక్కు పెడితే బొయ్యిమని మోత, కొంచెం తిప్పితే మాట స్పష్టం. లోపల ఒక నల్లటి కడ్డీ, దానికి సన్నతీగ చుట్టి ఉంటది, ఏరియల్ అదే. ఆ కడ్డీ పక్కవాటు స్టేషన్ దిక్కుకు ఉండాలి, కొన స్టేషన్ దిక్కుకు తిరిగితే మాట సన్నబడుతది. అందుకే అరుగు మీద పెట్టె పెట్టే చోటు ఖాయం, సున్నంతో గీత గీసి పెట్టుకునేవాళ్లు. రాత్రి ఎక్కడెక్కడి స్టేషన్లు వచ్చి ఒకదాని మీద ఒకటి పడతయి. కాబట్టి వార్తలు పొద్దటివే నమ్మకం. రేడియో బ్యాటరీ సెల్లు నీరసపడితే తీసి ఎండలో పెట్టేవాళ్లు, వేడికి ఒకటి రెండు రోజులు అదనంగా పనిచేస్తయి. రసం కారిన సెల్లు మాత్రం వెంటనే పారెయ్యాలి, లేకపోతే స్ప్రింగు చిలుము పట్టి పెట్టె మొత్తం ఖరాబైతది. వాడనప్పుడు సెల్లు తీసిపెట్టే ఓపిక ఉన్నోళ్ల రేడియోలే ఇరవై ఏండ్లు బతికినయి.

పొద్దటి బువ్వ జొన్నరొట్టె. పండ్లు రాలిన వాళ్లకు రొట్టె మెత్తగా రావాలె, అది చేసే అవ్వ చేతిలో ఉంటది. జొన్నపిండికి గోధుమపిండి లెక్క జిగి ఉండదు, చల్లనీళ్లు పోసి పిసికితే తట్టినప్పుడు అంచులు పగులుతయి. అందుకని మసిలే నీళ్లు పోయాలె. రెండు గిద్దెల పిండికి సుమారు గిద్దెన్నర నీళ్లు. మొదట సగం పిండిలోనే పోసి కర్రతో కలిపి, మూతపెట్టి, చెయ్యి పట్టే వేడికి వచ్చినంక మిగిలిన పిండి కలుపుకుంటూ అరచేతి మడమతో బాగా పిసకాలె. ఎంత పిసికితే అంత మెత్తన. ఒక్కో ముద్దను తట్టే ముందు మళ్లీ పిసకాలె, ముందే అన్నీ ఉండలు చేసి పెట్టుకుంటే ఆరి పగులుతయి. పెనం మీద వేసినంక పై మొఖానికి తడిగుడ్డతో నీళ్లు పుయ్యాలె, పిండి పొడి ఊడిపోయి రొట్టె ఎండిపోకుండా ఉంటది. ఆ తడి ఆరకముందే తిప్పితే పెనానికి అంటుకుంటది, పూర్తిగా ఆరినంక తిప్పితే పొంగదు. గిర్ని పట్టించి నెల దాటిన పిండితో ఎంత పనితనం ఉన్నా రొట్టె విరుగుతది. పది పదిహేను రోజులకు సరిపడా పట్టించుకునేది అందుకే. దాంతో పుంటికూర తొక్కో, పచ్చిపులుసో. పండ్లు అసలే లేనోళ్లు రొట్టె తుంచి పాలల్లో నానేసుకునేవాళ్లు.

ఎండ అరుగు మీదికి వచ్చేవరకు చేతిలోకి పని వచ్చేది. ఈ ఊళ్లల్లో కొలువు దిగిపోయినోళ్లు ఊరికే కూసుంటే వాళ్లకే నచ్చేది కాదు. సార్లయినా సరే, నులక పేనడం నేర్చుకున్నరు. పేపరు కొల్లాపూర్ బస్సుకు వచ్చేదాకా ఆ పనే.

నులకకు జనుము. పూత అయిపోయి కాయ పట్టే వేళకు కోసి, ఆకు రాలగొట్టి, చిన్న కట్టలు కట్టి, నిలువ నీళ్లలో ముంచి మీద రాళ్లు పెట్టాలె. పారే నీళ్లల్లో పెడితే సరిగ్గా కుళ్లదు. ఎండలుంటే 5, 6 రోజులు, చలి పడితే 8 రోజులు, ఇంకా పైన కూడా పట్టొచ్చు. నాలుగో రోజు నుంచి రోజూ ఒక కట్టె తీసి మొదలు దగ్గర విరిచి చూడాలె. నార ఒక్క గుంజుకు కొన దాకా లేచొస్తే అయిపోయినట్టు. ఆ రోజు బద్ధకించి వదిలేస్తే తెల్లారికి నార బలం పోతది, చేతిలోనే తెగుతది. తొందరపడి తీస్తే బెరడు జిగురు నారకు పట్టుకొని ఉంటది, పేనేటప్పుడు అరచేయి గీరుకుపోతది. తీసిన నారను నీళ్లలో కొట్టి కడిగి, తీగ మీద ఆరేసి, ఆరినంక చీపురులాగ విదిలించి దుమ్ము పోగొట్టాలె. ఆ కుళ్లు వాసన మాత్రం వారం దాకా ఇల్లంతా ఉంటది, దానికి ఉపాయం లేదు.

పేనేది రెండు పురులు. రెండు పురులనూ తొడ మీద ఒకే దిక్కు తిప్పి మెలి ఎక్కించాలె. తర్వాత రెండింటినీ కలిపి ఎదురు దిక్కు తిప్పాలె. పురి విప్పుకోవాలని చూస్తది, దాన్ని జంట మెలి ఆపుతది. ఆ కొట్లాటలోనే తాడు గట్టిదనం. ఒకే దిక్కు తిప్పితే వదిలిన క్షణం విప్పుకుపోతది. కొత్తగా పేనేటోళ్లు చేసే తప్పు ఇంకొకటి ఉంది, రెండు పురులకూ నార ఒక్కసారే అయిపోవడం. అతుకులు ఒకే చోట పడితే తాడు అక్కడే తెగుతది. ఒక పురికి అతికినంక మూరెడు దూరం పోయాకనే రెండోదానికి అతకాలె.

మంచం అల్లడం ఒక్కరి పని కాదు, ఇద్దరు కావాలె, ఒకరు గుంజి పట్టాలె, ఒకరు అల్లాలె. ఒక మనిషి పండుకునే మంచానికి మూడు నాలుగు కిలోల నులక పడుతది. కాళ్ల దిక్కు జానెడున్నర జాగ వదిలి, అడ్డంగా ఒక గట్టి తాడు కట్టి, దాని దాకనే అల్లాలె. ఆ వదిలిన జాగలో అల్లికకూ కాళ్ల పట్టెకూ మధ్య బిగింపు తాడు వేస్తరు. మంచం కుంగినప్పుడల్లా మొత్తం విప్పే పని లేకుండా ఆ తాడు ఒక్కటి గుంజితే సాపుగా వస్తది. కొత్త నులక మీద నీళ్లు చిలకరించి మెత్తబడ్డాక అల్లుతరు. ఆరినంక వదులైతది, కాబట్టి మొదటి వారం రోజూ బిగించాలె, తర్వాత నెలకోసారి చాలు. వానకు మంచం బయట మరిచిపోతే నులక తడిసి ముడుచుకుంటది. ఆ గుంజుకు పట్టెలు మెలిపడి, నాలుగు మంచంకోళ్లలో ఒకటి నేల మీద ఆనకుండా లేస్తది. పాత మంచాలు కొన్ని ఒక కోడు కింద రాయి పెట్టుకొని నిలబడి ఉండేది ఇందుకే. నల్లులు కోళ్ల సందుల్లోనే ఉంటయి. ఎండాకాలంలో మంచం బోర్లించి సందుల్లో మసిలే నీళ్లు పోసి మిట్టమధ్యాహ్నం ఎండకు పెట్టాలె. ఒక్కసారి పోస్తే గుడ్లు మిగులుతయి, వారం ఆగి మళ్లీ పొయ్యాలె.

తర్వాత నవారు వచ్చింది, దాని వెనక ప్లాస్టిక్ తాడు వచ్చింది. ప్లాస్టిక్ తడవదు, కుళ్లదు, నిజమే. ఎండకు మాత్రం రెండేండ్లలో పొడిపొడిగా రాలుతది. వేసవిలో పండుకుంటే వీపుకు గాలాడదు. ముసలి వీపుకు జనుము నులక ఇచ్చినంత సుఖం ఇంకోటి ఇయ్యలేదు, ఆ మాట గట్టిగా చెప్పొచ్చు.

అవ్వల పని ఇంటి లోపల, లేదా వేపచెట్టు నీడన. మాఘం ఫాల్గుణంలో చింతపండు కొట్టుడు. పెంకు తీసిన పండును బండ మీద పెట్టి కర్రతో కొట్టి గింజ తీసి, ఈనె లాగి, రాళ్ల ఉప్పు చల్లి కుండలో తొక్కి పెట్టేవాళ్లు. ఉప్పు తక్కువైతే వానాకాలానికి పురుగు. వేసవి మధ్యాహ్నాల్లో బొంతలు. పాత చీరలు ఐదారు పొరలు నేల మీద సాపుగా పరిచి, నాలుగు మూలలకు రాళ్లు పెట్టి, మొదట నడుమ పెద్ద పెద్ద కుట్లతో పట్టు వేసి, తర్వాత అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ దగ్గర దగ్గరగా కుట్టాలె. పట్టు వెయ్యకుండా మొదలుపెడితే లోపలి పొర జరిగి, నడుమకు వచ్చేసరికి ముడత పేరుకుంటది. బాగా నలిగిన చీరలు మీద, కొంచెం గట్టివి కింద. కొత్త గుడ్డ ఎప్పుడూ పనికిరాదు, ఉతికినప్పుడు అదొక్కటే ముడుచుకొని బొంతంతా గుంజుతది.

చేపల సంగతి అవ్వలదీ, తాతలదీ ఇద్దరిదీ. ఒడ్డున బేరం చేసుకొని తెచ్చిన బొచ్చె, రవ్వ, జెల్ల ఆ పూటకు. మిగిలినవి ఎండబెట్టుడు. పెద్ద చేపను వీపు దిక్కు చీరి, పేగు, మొప్పలు తీసి, నెత్తురు పోయేదాకా కడిగి, నాలుగు కిలోల చేపకు కిలో రాళ్ల ఉప్పు. కుండలో ఒక వరుస ఉప్పు, ఒక వరుస చేప, రాత్రంతా. పొద్దున ఊరిన నీళ్లు వంచేసి, పైపైన ఒకసారి కడిగి, నులక మంచం మీదనో తాటిపట్టె మీదనో మూడు నాలుగు రోజులు ఎండాలె. నేల మీద ఎండబెడితే ఇసుక పడుతది, అడుగు మొఖం చెమ్మగిల్లి వాసనొస్తది. పొద్దు వాలకముందే లోపల పెట్టాలె, మంచు పడితే రెండు రోజుల ఎండ వృథా. వేలితో నొక్కితే గుంట పడకుంటే ఎండినట్టు. ఎండాకాలంలో చింతచిగురు వేసి ఎండు చేప కూర వండితే పక్కింటోళ్లు గిన్నె పట్టుకొని వస్తరు.

వలల విషయంలో ముసలోళ్లు చాలా పట్టింపు మనుషులు. తెగిన వల బాగుచేసేటప్పుడు కన్ను కొలతకు ఒక వెదురు బద్ద పెట్టుకునేవాళ్లు, ప్రతి ముడికి బద్ద మీదుగా దారం తిప్పి బిగిస్తే కండ్లన్నీ ఒకే తీరుగా వస్తయి. ఒక కన్ను పెద్దదైతే చేప అక్కడినుంచే పోతది, చిన్నదైతే బరువంతా దాని మీద పడి మళ్లీ అక్కడే తెగుతది. సన్న కండ్ల అలివి వలలు వచ్చిన కాలం నుంచి వాళ్ల కోపం అంతా వాటి మీదనే. చేపపిల్లలను కూడా ఊడ్చుకొచ్చే వల అది. వద్దని ప్రభుత్వం నిషేధం పెట్టింది, అయినా రాత్రిపూట పడుతనే ఉన్నయి. "పిల్లను దింటే రేపు తల్లేడుంటది బిడ్డా" అని రేవులో గట్టిగా అడిగే ముసలోళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయిండ్రు.

మధ్యాహ్నం బువ్వ తిని ఒక కునుకు. ఎండ తగ్గినంక రచ్చకట్ట బండ మీద పులి-మేక. 3 పులులు, 15 మేకలు, 23 బిందువుల పటం బండ మీదనే చెక్కి ఉండేది. మేకలవాడు తొందరపడి నడుమ పెడితే ఓడుతడు, మొదట అంచులు నింపాలె. ఇంతకు మించి దాని గురించి చెప్పొద్దు, ఆడితేనే తెలుస్తది.

ఏటా వానలకు ముందు, వేసవి చివర, పెద్ద పని పుట్టిలకు తారు పుయ్యుడు. ఇది ఎత్తుకెత్తే పని కాదు గనుక ముసలోళ్ల చేతికే వచ్చేది. పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట, ఏడెనిమిది అడుగుల అడ్డం, రెండున్నర అడుగుల లోతు. చలికాలంలో కొట్టిన వెదురుకు పురుగు తక్కువ. కొట్టినంక కొన్ని వారాలు నీళ్లలో ముంచిపెడితే ఇంకా తక్కువ, పురుగు తినే తీపి నీళ్లలోకి దిగిపోతది. పూర్వం బయట ఎనుపతోలు వేసేవాళ్లు. తర్వాత ప్లాస్టిక్ పట్టాలు, యూరియా సంచులు కుట్టి తొడిగి, మీద తారు. తారును డబ్బాలో కరగబెట్టాలె గానీ మసలనియ్యొద్దు. పొగలు కక్కేదాకా కాస్తే ఆరినంక పెళుసైతది, మొదటి రాయి తగలంగనే పగులుతది. చల్లబడ్డ తారు మందంగా పడి ఎండకు జారుతది. కొబ్బరి పీచు కట్ట ముంచి, పలుచగా ఒక పూత, పూర్తిగా ఆరినంక అడ్డం దిక్కు ఇంకో పూత. కుట్లు ఉన్న చోట మూడోది. అయిపోయినంక లోపల దీపం పెట్టి చీకట్లో బయటనుంచి చూసేవాళ్లు, సూది మొన అంత వెలుతురు కనపడినా అక్కడ సున్నం ముక్కతో గుర్తుపెట్టి మళ్లీ పూత. పుట్టిని ఎండలో బోర్లించి వదిలితే తారు కారిపోతది, చెట్టు నీడన వాలుగా నిలబెట్టాలె.

తొయ్యడం సంగతి తెలియనోళ్లు వెనక కూసొని తెడ్డు వేస్తరు, పుట్టి గిర్రున తిరుగుతది తప్ప ముందుకు పోదు. ముందు మోకాళ్ల మీద కూసొని, తెడ్డును చాచి నీళ్లను తన దిక్కు గుంజుకోవాలె, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. నలుగురైదుగురి కంటే ఎక్కిచ్చుకోవద్దు, ఎక్కినోళ్లు అడుగున కూసోవాలె, అంచు మీద కాదు. మధ్యాహ్నం తర్వాత గాలి లేస్తే అంత వెడల్పు నీళ్ల మీద అల మోకాలెత్తు లేస్తది. 2007 జనవరిలో మంచాలకట్ట రేవు దగ్గర మనుషులు నిండిన పడవ మునిగి 61 మంది పోయిండ్రు. ఆ తర్వాత చాలా ఏండ్లు, పొద్దు తిరిగినంక పుట్టి ఎక్కే పిల్లలను ఒడ్డున కూసున్న ముసలోళ్లు చెయ్యి పట్టి దించేవాళ్లు. సోమశిల - సిద్ధేశ్వరం మధ్య వంతెన మంజూరు వార్త విన్ననాడు వాళ్లలో కొందరు నీళ్ల దిక్కు తిరిగి దండం పెట్టిండ్రంటే ఆశ్చర్యం లేదు.

ఈ ఒడ్డున కూసునేటోళ్లలో చాలామంది పాలమూరు లేబర్. మేస్త్రీ వెంట గుంపులు గుంపులుగా ఎక్కడెక్కడి డ్యాంలకు, కాలువలకు పోయి తట్ట మోసి, రాయి కొట్టి, నడుములు పోయినంక తిరిగొచ్చినోళ్లు. వాళ్లు డ్యాం చూసే తీరు వేరు. గేటు ఎత్తిన మాట వినంగనే నీళ్లు ఎన్నో గంటకు ఏ వాగులోకి ఎగదన్నుతయో చెప్పేవాళ్లు. వాళ్ల చెలకలు ముంచింది కూడా డ్యామే. ఆ రెండు సంగతులూ ఒకే మనిషి నోట, కోపం లేకుండా, పని వివరం చెప్పినట్టే వచ్చేవి.

వాళ్లకు పింఛను అంటే చాలా ఏండ్లు చిన్న మొత్తం. తెలంగాణ వచ్చినంక 2014లో ఆసరా పథకం కింద 1,000 రూపాయలైంది. పోస్టాఫీసులో వేలు పెడితే చేతికిచ్చేది. ఇక్కడొక చిక్కు. నులక పేనిన వేలికి, రాయి కొట్టిన వేలికి గీతలు అరిగిపోతయి, మిషను పట్టదు. ఊళ్లో అనుభవం మీద తెలిసిన ఉపాయాలు ఇవి. ముందురోజు రాత్రి చేతులకు నూనె పట్టించాలె, పొద్దున సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకొని పోవాలె. బొటనవేలు పట్టకుంటే ఉంగరం వేలు పెట్టాలె, దానికి అరుగుడు తక్కువ. వేలిని గట్టిగా అదమొద్దు, అదిమితే గీతలు సాపైపోతయి. చలికాలం పొద్దున పోకుండా ఎండెక్కినంక పోవాలె. కొలువు చేసి దిగిన సార్లకు ఏటా బతికి ఉన్నట్టు కాగితం ఇచ్చే పని, నవంబరు వస్తే మొదలు. పింఛను పుస్తకం నంబరు, బ్యాంకు పుస్తకం, ఆధార్ ఒక గుడ్డసంచిలో పెట్టి, ఆ సంచి దూలానికి వేలాడేది. ఆ కాగితం ఇయ్యడం మరిస్తే పింఛను ఆగుతది, పోదు. ఇచ్చినంక ఆగినదంతా కలిపి వస్తది. ఈ ఒక్క ముక్క తెలియక దిగులుపడి మంచం పట్టినోళ్లున్నరు.

పిల్లలు విదేశాలకు పోయినంక కొందరు సార్లు ఆరేసి నెలలు అక్కడ, సముద్రం ఒడ్డు ఊళ్లల్లో, ఉండొస్తున్నరు. వచ్చినంక వాళ్లు చెప్పే ముచ్చట్లలో అందరూ చెవి పెట్టి వినేది ఒక్కటే, నీళ్ల ముచ్చట. అక్కడ సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కి రెండుసార్లు దిగుతది. తెల్లారి అదే పోటు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తది, చంద్రుడు రోజూ అంత ఆలస్యంగా వస్తడు కాబట్టి. అమావాస్యకు, పున్నానికి ఎక్కువ ఎక్కుతది, ఎక్కువ దిగుతది. ఏ గంటకు ఎంత అని ఏడాది మొత్తానికి ముందే అచ్చువేసి పెట్టుకుంటరు. అక్కడ కొలువు దిగినోళ్లు ఆ కాగితం చూసుకొని నడకకు పోతరు, గాలం వేస్తరు. ఇక్కడి నీళ్లు ఏడాదికి ఒక్కసారి ఎక్కి ఒక్కసారి దిగుతయి, ఏ తారీఖుకో ఎవరూ అచ్చువెయ్యలేరు. అక్కడినుంచి ఫోన్ చేసినా సారు మొదట అడిగేది అదే, నీళ్లు ఎంతకొచ్చినయే అని.

దిగే కాలమే అసలు కాలం. కార్తీకం తర్వాత నీళ్లు మెల్లగా వెనక్కి పోతయి, ఒండ్రు బయటపడుతది. పై అంచు ముందు తేలుతది, అక్కడ శనగ, జొన్న. పుష్యమాఘాల్లో తేలిన కింది నేలకు పెసర, దోస, పుచ్చ. ఎరువు అక్కర్లేదు. ఎప్పుడు దిగాలె అనేదే చూసుకోవాలె. మీద ఆరి పెళ్ల కట్టినట్టు కనిపిస్తది, కింద బురద మోకాలు దాకా ఉంటది, ఎద్దు దిగబడితే బయటికి తీయడానికి పది మంది కావాలె. పెద్దమనుషులు కర్ర మొన గుచ్చి, తీసి, ఆ రంధ్రంలో నీళ్లు ఊరుతయా అని చూసేవాళ్లు. ఊరకుంటే, మడమ అచ్చు మెరవకుంటే, నేల పగులులో వేలు పడితే, అప్పుడు ఎడ్లను దించొచ్చు.

అప్పుడే వాళ్ల అసలు కొలువు మొదలయ్యేది. తేలిన నేలలో గట్లు లేవు, కంచెలు లేవు, అంతా ఒకే సాపు. ఎవరి చెలక ఏడిదాకనో చెప్పగలిగింది పాత ఊరు చూసినోళ్లే. చింత మొద్దు ఒకటి, బావి ఒరలు, కూలిన గుడి గద్దె, సగం పాతుకుపోయిన హద్దురాయి, వీటిని పట్టుకొని అడుగులు కొలిచి చూపిచ్చేవాళ్లు. మోదుగు మొద్దు నుంచి బావి దిక్కు నలభై అడుగులు నీది, ఆడినుంచి వాగు దాకా మీ చిన్నాయనది. కొట్లాట అక్కడికి తెగేది. మట్టం 840 అడుగుల దాపుకు దిగిన ఏడాది అవతలి దిక్కు సంగమేశ్వరం గుడి తేలుతది, కూడవెల్లిది కాదు, ఇది వేరే, ఏడు నదులు కలిసేచోటని పేరు, వేపమొద్దు లింగం. ఆ ఏడాది సోమశిల నుంచి మరబోట్లలో జనం పోయొస్తరు. ముసలోళ్లు మాత్రం ఆ రోజుల్లో తమ ఊరి వీధుల్లోనే తిరిగేవాళ్లు. ఈడ కచ్చీరు, ఈడ కమ్మరి కొలిమి, ఇది బడి, అని పిల్లలకు కర్రతో గోడల పునాదులు గీకి చూపెట్టేవాళ్లు.

ఆ గోడలే నీళ్లు మళ్లీ ఎక్కేటప్పుడు పుట్టి అడుగును చీరేది. నిండా నిండితే బాధ లేదు, మునిగీ మునగని నెల రోజులే ప్రమాదం. అందుకే పుట్టి తొయ్యడం నేర్చుకునే పిల్లకు ఒడ్డున కూసొని వాళ్లు చెప్పే దారి ఇట్లా ఉండేది. రేవు నుంచి నేరుగా పోవద్దు. ఎడమకు, ఒడ్డు పట్టుకొని పో. వెనక్కి తిరిగి చూడు, కొత్త గుడి ధ్వజస్తంభం వెనక గుట్ట మీది జంటరాళ్లు కనపడుతయి. స్తంభం ఆ రెండు రాళ్ల నడుమకు వచ్చేదాకా పో. వచ్చినంక అదే వరుస తప్పకుండా నడుమకు తొయ్యి, అది పాత బండ్లబాట, కింద రాయి లేదు. కుడిదిక్కు నీళ్లు సుడి తిరిగినట్టు కనిపిస్తే బడి గోడ, దాని దాపుకు పోకు. చింత మొద్దు కొన నీళ్ల మీద కొంగ కూసున్నట్టు కనిపిస్తది, దాని అవతల బావి. బావి మీదికొస్తే తెడ్డు ఒక్కసారి చల్లబడుతది, కిందినుంచి చన్నీళ్లు తగులుతయి. అక్కడినుంచి లోతు, ఇగ ఏ దిక్కన్న పో.